ముందు నీళ్ళు తాగండి

తకొరాది
సెప్టెంబరు నెల

డుఫియె అక్కకి,

ఫోన్లో ఈ మాట ఎత్తగానే నీకు ఎక్కడలేని బేరాలూ తగులుతాయి. "ఉండవే, ఎవరో వచ్చారు" అని పెట్టేస్తావు. మొన్న ఆదివారం కూడా అలాగే అన్నావు. ఆదివారం కెజెటియా మార్కెట్లో మన వరసలో ఒక్క కొట్టూ తియ్యరని నాకు తెలియదనుకున్నావా? అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

విషయం మన గుడ్డల కొట్టు ఇంటర్నెట్ పేజీ. ఇక్కడ మా ఆఫీసులో నేను చేసేది అదే పని. హోటళ్ళకి, చెప్పుల కొట్లకి, చివరికి శవపేటికలు చేసేవాళ్ళకి కూడా పేజీలు కట్టిపెడతాను. మన సొంత కొట్టు పేజీ మాత్రం పదేళ్ళ కిందటి ముస్తాబుతో కూర్చుంది. పండిన బొప్పాయి రంగు, పైన కుడి నుంచి ఎడమకి పరిగెత్తే అక్షరాలు, మూలన రెక్కలు కొట్టుకునే కోడిపుంజు. ఇక ఆ గ్లాసు సంగతి సరేసరి. పేజీ తెరవగానే నీళ్ళ గ్లాసు బొమ్మ, కింద "ముందు నీళ్ళు తాగండి." గ్లాసు నొక్కితే తప్ప లోపలికి పోనివ్వదు. నొక్కాక "ఇప్పుడు చెప్పండి, ఏ పని మీద వచ్చారు?" అని ఒక గడి. గుడ్డ కొనడానికి వచ్చినవాళ్ళని, ఇంటికొచ్చిన చుట్టాలని అడిగినట్టు, నీళ్ళిచ్చి ఏ పని మీద వచ్చారని అడిగే కొట్టు లోకంలో మనదొక్కటే.

మొన్న నా పక్కన కూర్చునే అటో దాన్ని చూశాడు. "ఇది ఏ తాతగారు కట్టిన కొట్టు?" అని పడీపడీ నవ్వాడు. మాదేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కట్టింది తాత కాదు, మా అన్నయ్య అని అసలే చెప్పలేకపోయాను.

నన్ను మార్చనివ్వు. నీకు పైసా ఖర్చు ఉండదు.

నీ మీద అలిగి ఉన్న
బిరాగో

*

కుమాసి
అక్టోబరు

బిరాగో తల్లీ,

నీ అలక బస్సు దిగి వచ్చేసరికి చల్లారి ఉంటుందని రెండు వారాలు ఆగి రాస్తున్నాను. నీకిష్టమని ఎండు చేపలు కూడా పంపుతున్నాను. ముందు అవి తిను. కడుపు నిండితే నోరు కాస్త మెత్తబడుతుంది.

మీ అటో ఎప్పుడైనా ఆరు గజాల గుడ్డ కొన్నాడా? కొనని వాడి నవ్వుకి నేనెందుకు వణకాలి? నా ఖాతాదార్లంటే దర్జీలు, చర్చి సంఘాల ఆడవాళ్ళు, చావుకీ పెళ్ళికీ బంధువులందరికీ ఒకే గుడ్డ తీసే పెద్దమ్మలు. వాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "మీ పేజీ పాతబడింది డుఫియె" అన్న పాపాన పోలేదు. ఒబువాసీలో ఒకావిడ ఉంది. రోజూ పొద్దున్నే గ్లాసు నొక్కుతుంది. గడిలో "దాహం తీరింది, వెళ్ళొస్తాను" అని రాసి పోతుంది. అంతే. ఇంట్లో ఏదైనా శుభమో అశుభమో జరిగితే మాత్రం ఆమె ఇంకో కొట్టు మొహం చూడదు. నువ్వు ఆ గ్లాసు తీసేస్తే ఆమె పొద్దు ఎలా మొదలవుతుంది చెప్పు?

ఇంకో మాట. మనవాళ్ళు గుడ్డని పేరు పెట్టి అడుగుతారు. అత్త మీద కోపం వచ్చినామె ఏం చేస్తుంది? నోరు విప్పదు. "ఇంటి గులకరాయి" గుడ్డ కట్టుకుని అత్త ముందు నుంచి నాలుగుసార్లు అటూ ఇటూ నడుస్తుంది. ఇంటి గులకరాయే కదా అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకునేది. అత్తకి అర్థమవుతుంది, ఆమె ఇంకో గుడ్డ కట్టుకుని జవాబిస్తుంది. ఆ రెండు గుడ్డలూ నేనే అమ్ముతాను. ఇది మీ అటోకి చెప్పు, పాపం నేర్చుకుంటాడు.

పైన పటారం లోన లొటారం పేజీలు నువ్వు హోటళ్ళకి కట్టుకో. ఆ పేజీ తమ్ముడు మంచాన పడి ఉన్నప్పుడు, మోకాళ్ళ మీద ఆ బరువు కంప్యూటర్ పెట్టుకుని చేసింది. ఎముకల్లో నొప్పి ఎక్కువైనప్పుడల్లా కోడిపుంజు రెక్కలు సరిచేస్తూ కూర్చునేవాడు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాడికి అంతకంటే ఏం కాలక్షేపం ఉంటుంది? అది అలాగే ఉండనీ.

అక్క

*

తకొరాది
నవంబరు

అక్కా,

చేపలు తిన్నాను. నోరు మెత్తబడలేదు.

నీ ఖాతాదార్లు పేజీ పాతబడిందని అనరు. అనకుండానే వెళ్ళిపోతారు. కొత్త ఫోన్లలో మన పేజీ తెరిస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. గ్లాసు బొమ్మ సగమే కనిపిస్తుంది. గడి ఎక్కడుందో తెలియదు. ఆ ఒబువాసీ ముసలావిడ ఫోను పాడై కూతురు కొత్తది కొనిచ్చిందనుకో, ఆ రోజు నుంచి ఆమెకి మన నీళ్ళు ఉండవు. నిజం చెప్పు, పోయినేటికీ ఈ ఏటికీ బేరాలు తగ్గలేదా?

ఇదంతా పైమాట. అసలు మాట ఇంకోటుంది.

అన్నయ్య పోయి ఈ దుమ్ముగాలుల కాలానికి మూడేళ్ళు. ఆ పేజీ తెరిస్తే వాడు లోపల ఎక్కడో కూర్చుని ఉన్నట్టే ఉంటుంది. ఆ వెక్కిరింత, ఆ కోడిపుంజు, అన్నీ వాడివే. అన్నీ ఉన్నాయి, వాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. మన ఊళ్ళో ఎవరు పోయినా గోడ గోడకీ ఫోటో అంటిస్తారు. లారీ వెనక అంటిస్తారు. ఎవరో ఎరగని ముసలాయన మొహం ఆరు నెలలు మనల్ని చూస్తూ ఉంటుంది. మనవాడి మొహానికి వాడు కట్టిన చోటే చోటు లేదా?

అంపోంసా మామయ్య వచ్చిన రోజు నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టుంది. కుమాసి నుంచి బస్సులో పడి వచ్చాడు. నేను గుమ్మంలోనే "ఏంటి మామయ్యా, ఏమైంది?" అంటే "కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. "నీళ్ళు తాగు" అన్నాడు. తాగాను. అప్పుడు చెప్పాడు. ఆ గ్లాసు ఇంకా నా దగ్గరే ఉంది. దాంట్లో నీళ్ళు తాగలేను, పారెయ్యలేను. మన పేజీ తెరిచినప్పుడల్లా నాకు ఆ గ్లాసే కనిపిస్తుంది, అది నీకు తెలుసా?

బిరాగో

*

కుమాసి
డిసెంబరు

బిరాగో,

తెలియదు. చెబితే కదా తెలిసేది.

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. బేరాలు తగ్గిన మాట నిజమే. కొట్టుకొచ్చిన ఒక పెళ్ళికూతురు "అక్కా, మీ పేజీ తెరుచుకోవట్లేదు, వేరేచోట తీసుకున్నా" అంది. ఆ పిల్ల ముందు నవ్వాను కానీ ఆ రాత్రి ఫుఫు ముద్ద దిగలేదు.

సరే. చెయ్యి. రంగు నీ ఇష్టం. కోడిపుంజు ఎగిరిపోయినా ఏడవను. రెండు మాటలు మాత్రం విను. గుడ్డల పేర్లు పోకూడదు. తమ్ముడి సంగతి అందులో రాయకూడదు. ఫోటో వద్దు, పేరు వద్దు, పోయాడన్న మాట అసలే వద్దు. కొట్టు గుమ్మంలో చావు మాట పెడితే అచ్చిరాదు.

ఎందుకని అడగకు. పెద్దదాన్ని, ఒక్కసారి మాట విను.

అక్క

*

తకొరాది
జనవరి

నా బంగారు అక్కా,

తెరిచేశాను! చూశావా? చూసి ఉండవు. నీకు ఆర్డర్లు ఫోనుకి వస్తే చాలు, పేజీ మొహం ఎందుకు చూస్తావు. ఎవరినైనా అడిగి చూడు. తెల్లటి నేల, దాని మీద గుడ్డలు ఒక్కొక్కటీ ఎండలో ఆరేసినట్టు మెరుస్తున్నాయి. పేర్లు ఒక్కటీ తియ్యలేదు. ప్రతి గుడ్డ కిందా దాని పేరు, పేరు వెనక కథ. రాస్తూ రాస్తూ అమ్మ గొంతు వినిపించి రెండుసార్లు ఏడ్చాను. అటో మూడు గుడ్డలు కొన్నాడు. ఇక వాడిని తిట్టకు.

గ్లాసు తీసేశాను. ఈ రోజుల్లో గుమ్మంలో నిలబడి నీళ్ళు తాగే ఓపిక ఎవరికీ లేదక్కా. నేరుగా లోపలికి రావాలంటారు.

ఇంకొకటి చేశాను. తిట్టకుండా చదువు. అన్నయ్య ఫోటో పెట్టాను. అన్నిటికంటే పైన, తెరవగానే. నీలం చొక్కాలో, ఎడమచేత్తో కత్తెర పట్టుకుని నవ్వుతున్నది. కింద వాడి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, "ఈ కొట్టుకి వాకిలి కట్టినవాడు" అని ఒక్క ముక్క. సరిగ్గా వాడు పోయిన రోజునే తెరిచాను. అచ్చిరాదని నువ్వు భయపడ్డావని తెలుసు. కానీ అక్కా, బతికినన్నాళ్ళూ వాడిని ఇంట్లో దాచాం. ఎడమచేతివాటం దాచమన్నాం, జబ్బు దాచమన్నాం. పోయాక కూడా దాస్తామా?

చూసి నాకు ఫోన్ చెయ్యి. ఈసారి నువ్వే మాట్లాడు, నేను వింటాను.

బిరాగో

*

తకొరాది
జనవరి ఆఖరు

అక్కా,

నువ్వు మాట్లాడతావనుకున్నాను. అరిచావు. "ఎవరు పెట్టమన్నారే? తియ్యి, ఇప్పుడే తియ్యి!" అని. నువ్వు ఏడుస్తున్నట్టు వినిపించింది. పెట్టేశావు. తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

తీసేశాను. నువ్వు పెట్టేసిన వెంటనే తీసేశాను. అన్నయ్య మొహం తెర మీద నుంచి నా చేత్తో చెరిపేటప్పుడు నాకెలా ఉంటుందో నీకు పట్టలేదు.

పేజీ వల్ల కొట్టుకి నష్టం వచ్చిందా? రాలేదే. ఆర్డర్లు పెరిగాయి. కొత్త పిల్లలు వస్తున్నారు. ఒబువాసీ పెద్దావిడ "గ్లాసేది? మీరు కొట్టు ఎత్తేశారనుకున్నా" అని రాసింది, అది ఒప్పుకుంటాను. ఇంకో ముగ్గురు నలుగురు కూడా కొట్టు చేతులు మారిందా అని అడిగారు. అందరికీ నేనే జవాబిచ్చాను.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. వెంచి ఊరి నుంచి ఎవరో పొకువా అట. ఏమీ కొనలేదు. "ఇది నిజమేనా?" అని ఒక్క ముక్క రాసింది. ఏది నిజమో తెలియక ధరల గురించేమో అనుకుని "నిజమేనమ్మా, అన్నీ అసలు ధరలే" అని జవాబు పెట్టాను.

అన్నయ్య ఫోటోలో అంత అపచారం ఏముందో చెప్పు. దిష్టి, అచ్చిరాకపోవడం, ఈ కబుర్లు నాకొద్దు. నువ్వు అలాంటి భయాలున్న మనిషివి కాదు.

బిరాగో

*

కుమాసి
ఫిబ్రవరి

బిరాగో,

"నిజమేనమ్మా" అన్నావా? అయ్యో.

నీ తప్పు లేదు. నేను చెప్పలేదు, నువ్వు చేశావు. ఇక దాచి లాభం లేదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

పొకువా వెంచిలో దర్జీ. భర్త పోయిన మనిషి. తమ్ముడు పేజీ కట్టిన కొత్తలో ఆ గడిలో "ఏ పని మీద వచ్చారు?" అని అడిగితే అందరూ రెండు గజాలు, ఆరు గజాలు అని రాసేవారు. ఈమె మాత్రం "ఇక్కడ అంతా చల్లగానే ఉంది, నీళ్ళు తాగాను, మీకు పుణ్యం. 'నా కంట్లో నలుసు ఊదు' గుడ్డ ఉంటే రెండు గజాలు" అని, గుమ్మంలోకి వచ్చిన మనిషి లాగా మర్యాదంతా పాటించి రాసింది. తమ్ముడు రోజంతా అదే చెప్పి నవ్వాడు. పార్శిలు కట్టేటప్పుడు కొసరు వెయ్యాలి కదా. మామూలుగా ఏ ముక్క దొరికితే అది వేస్తాం. వాడు ఆ పూట గుడ్డల బేలు విప్పి, "మంచి పూసలు చప్పుడు చెయ్యవు", అదే, మంచి మనిషి డాబు చెయ్యదనే గుడ్డలోంచి సన్నటి పేలిక కత్తిరించి, దానితోనే పార్శిలు చుట్టి ముడి వేసి, బిల్లు మీద తన పేరు రాశాడు. "ఇదేంట్రా?" అంటే "కొసరు" అన్నాడు. మొహం చూస్తే తెలిసిపోయింది.

తర్వాత ఆమె ఒక గుడ్డ అడగడం, వీడు ఒక కొసరు కట్టి పంపడం. ఆమె "తాబేటి వీపు" అడిగితే వీడు "బావి" పంపేవాడు. గుడ్డల పేర్లే వాళ్ళ మాటలు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఆమె నంబరు మన దగ్గరే ఉన్నా వాడు ఏనాడూ ఫోన్ చెయ్యలేదు. ఒకసారి నేనే పోరాను. "వెళ్ళి చూసి రారా, వెంచి ఎంత దూరమని?" వాడు నవ్వి, "ఎన్నాళ్ళుంటానో తెలియనివాడు ఇప్పటికే ఒకరిని పోగొట్టుకున్న మనిషి గుమ్మంలోకి వెళ్ళకూడదక్కా. గుడ్డతో మొదలైన మాట, గుడ్డతోనే ఉండనీ" అన్నాడు. జబ్బు సంగతి ఆమెకి ఎప్పుడూ తెలియనివ్వలేదు.

వాడు పోయిన నెలలోనే ఆమె ఆర్డరు వచ్చింది. "నీళ్ళు తాగాను. ఇక్కడ అంతా చల్లగానే ఉంది" అని. నేను సంతాపపు నల్లగుడ్డలో కూర్చుని ఉన్నాను. ఆమెకి చెప్పాలి. ఎలా చెప్పాలి? ఆ గడిలో రాసి చెప్పనా? చావు కబురు అలా చెబుతామా? నీకు చెప్పడానికి మామయ్యని అంత దూరం పంపాను, నిన్ను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి చెప్పాలని. ఆమెకి ఎవరిని పంపను? ఆమె మనకి ఏమవుతుందని పంపను? ఆలోచిస్తూ ఆలోచిస్తూ పార్శిలు కట్టేశాను. కొసరు కట్టాను. వాడిలాగే ఎడమచేత్తో.

ఒకసారి కట్టాక ఇక ఆపలేకపోయాను. ఈ లోకంలో వాడు బతికి ఉన్న చోటు అదొక్కటేనే, బిరాగో. మిగతా ఊరంతా వాడిని పూడ్చేసింది. వెంచిలో ఒక్క మనిషి దగ్గర వాడు ఇంకా గుడ్డలు ఏరుతున్నాడు, నవ్వుతున్నాడు. ఆమె ఆర్డరు వచ్చిన రోజు నేను బాగా తినేదాన్ని. మూడేళ్ళు అలా గడిపాను. పేజీ మార్చవద్దని నీతో పోట్లాడింది ఆ బొప్పాయి రంగు మీద మోజుతో అనుకున్నావా? ఆ పేజీలో ఏ మార్పూ లేనంతకాలం వాడు లోపల ఉన్నట్టే కదా ఆమెకి.

ఇప్పుడేమైందో చూడు. ఆమె ఎప్పటిలాగే పేజీకి వచ్చింది. గ్లాసు లేదు. కూర్చోమన్నవాళ్ళు లేరు. తెరవగానే వాడి మొహం, కింద పోయిన ఏడు. మొదటిసారి వాడి మొహం చూడటం, వాడు లేడని తెలియడం, రెండూ ఒక్క క్షణంలో. నిలబెట్టి, గొంతు తడపకుండా చావు కబురు చెప్పిన కొట్టు మనది. అమ్మ బతికి ఉంటే మనల్ని ఇంట్లోకి రానిచ్చేది కాదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది.

డుఫియె

*

తకొరాది
ఫిబ్రవరి

అక్కా,

ఉత్తరం చదివాక రెండు రోజులు ఆఫీసుకి పోలేదు. "అన్నీ అసలు ధరలే" అని రాశానక్కా ఆమెకి. ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు.

అన్నయ్యకి ఒక మనిషి ఉందని నాకెవరూ చెప్పలేదు. వాడికి ఏమీ లేకుండానే పోయాడని ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఉందని తెలిసిన రోజునే ఆమెని నేను ఏం చేశానో తెలిసింది. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోను?

గ్లాసు మళ్ళీ పెట్టాను. వాడు గీసిన గ్లాసే, నేను పారెయ్యలేదు. ఈసారి అన్ని ఫోన్లలోనూ నిండుగా కనిపిస్తుంది. "ముందు నీళ్ళు తాగండి", ఆ తర్వాత ఆ గడి, అలాగే. ఆలస్యమవుతుందని విసుక్కునేవాళ్ళు విసుక్కోనీ.

నాకు మామయ్యని పంపావు. ఆమె దగ్గరికి నన్ను పంపు. వెంచి వెళ్ళి, కూర్చోబెట్టి, సరిగ్గా చెబుతాను. ఏం చెప్పాలో నువ్వు రాసిపెట్టు. చదువుకుని పోతాను.

నీ
బిరాగో

*

కుమాసి
మార్చి

బిరాగో తల్లీ,

నువ్వు వెళ్ళనక్కరలేదు. ఆమే వచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం. బేరాలు మందంగా ఉన్నాయి. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక మనిషి కొట్టు ముందు ఆగింది. ఒంటి మీద "నా కంట్లో నలుసు ఊదు", ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది. ఆ గుడ్డ చూడగానే ఎవరో తెలిసిపోయింది. పేరు అడగలేదు. బల్ల లాగి కూర్చోమన్నాను. కుండలోంచి నీళ్ళు ముంచి రెండు చేతులతో ఇచ్చాను. ఆమె కొన్ని చుక్కలు నేల మీద వదిలింది, తాగింది, గ్లాసు తిరిగి ఇచ్చింది. ఇక నేను అడగాలి కదా. అడిగాను.

"ఇక్కడ అంతా చల్లగానే ఉందమ్మా. దారి నడిచొచ్చింది నువ్వు. ఏ పని మీద వచ్చావు?"

"చెడ్డ పనేం కాదు" అంది. మర్యాదకి అనే మాటే అది. తర్వాత, "మీ పేజీలో ఒకటి చూశాను. కుళాయి దగ్గర వరసలో నిలబడి ఉన్నాను, బిందె ఇంకా నిండలేదు. చదివానంతే. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పించుకుందామని వచ్చాను" అంది.

ఈ మూడేళ్ళలో ఆ మాట నేను ఎవరికీ నా నోటితో చెప్పలేదు, నీకు తెలుసా? నీకు మామయ్య చెప్పాడు. ఊరికి గోడల మీద కాగితాలు చెప్పాయి. నేను వచ్చినవాళ్ళకి తల ఊపాను, అంతే. ఇప్పుడు ఆమె బల్ల మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏమీ తెలియనిదానిలా నా మొహంలోకి చూస్తోంది.

"మా తమ్ముడు న్యార్కో..." అన్నాను. ఆమె తొందర పెట్టలేదు. పక్క కొట్టు వాళ్ళు రేడియో తగ్గించారు. చివరికి చెప్పాను. "మా న్యార్కో లేడమ్మా. దుమ్ముగాలుల్లో నొప్పి వచ్చి పోయాడు. మూడేళ్ళయింది."

ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పెద్దగానే ఏడ్చాం. మార్కెట్లో ఏడిస్తే ఎవరూ ఏమీ అనరు, ఎవరో పోయి ఉంటారనుకుంటారు.

తర్వాత కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. "కొసర్లు కట్టింది నేనే. మోసం చేశాను తల్లీ" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఏం నవ్వనుకున్నావు, సరిగ్గా మనవాడికి నచ్చే నవ్వు.

"తెలుసక్కా. ఆయన వేసిన ముడి విప్పాలంటే పళ్ళతో లాగాల్సొచ్చేది. తర్వాత వచ్చినవి పట్టుకుంటే ఊడిపోయేవి. ఎడమచెయ్యి అలవాటు లేనోళ్ళు ఎడమచేత్తో కట్టారని గుడ్డ చెప్పేస్తుంది కదా, నేను దర్జీదాన్ని. ముందు జబ్బుచేసి చెయ్యి పట్టు తప్పిందేమో అనుకున్నా. తర్వాత అలా అనుకోవడం కష్టమైంది. అంత కష్టపడి అబద్ధం కట్టి పంపేవాళ్ళని ఏమని అడుగుతాం? అడిగితే మీరు చెప్పాల్సొస్తుంది. చెబితే నేను వినాల్సొస్తుంది. అందుకని ఇంకో రెండు గజాలు అడిగేదాన్ని."

"మరి ఇప్పుడెందుకు వచ్చావమ్మా?"

"పేజీలో రాసేశారు కదా. ఇక తెలియనట్టుండటానికి లేకుండా పోయింది."

నీ మీద నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అంది. నిన్ను కూడా అడిగింది. "ధరల గురించి రాసింది చెల్లెలా? పాపం, బాధపడకమనండి. ఆ రోజు నాకు జవాబిచ్చింది ఆమె ఒక్కతే" అంది. తీసేసిన ఫోటో మళ్ళీ పెట్టమంది. లోపల ఎక్కడైనా, నీళ్ళు తాగి వచ్చినవాళ్ళకి కనిపించేచోట ఉంచమంది. "బావున్నాడు. నేననుకున్నంత పొడుగు లేడు" అంది. పెట్టమ్మా, లోపల పెట్టు.

లేచేముందు నల్లగుడ్డ అడిగింది. ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలేదు. "ఆయన కోసం కట్టుకునేది కొనుక్కునే కట్టుకుంటా" అంది. రెండు గజాలు కొలిచాను. కొసరు వెయ్యాలి. "మంచి పూసలు" బేలు విప్పి, పేలిక కత్తిరించి, పార్శిలు చుట్టి, అలవాటుగా ఎడమచెయ్యి ముందుకు పెట్టాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఇక మీ చేత్తోనే కట్టండి అక్కా" అంది.

కుడిచేత్తో కట్టాను. ముడి గట్టిగా పడింది.

అక్క